చిల్లులన్నీ మూయవలెను

దాచేపల్లి,
12 జూన్ 1988.

ఒరేయ్ దానియేలూ,

సిమెంటు ఫ్యాక్టరీ జనరేటర్ షెడ్డు సర్వాధికారి, పదో తరగతి తప్పిన పండితుడు షేక్ ఖలందర్ వారు సకల జనులకు ఆజ్ఞాపించునది యేమనగా: క్యాంటీను ఉప్మాలో కనబడు నల్లటి వస్తువును ఆవగింజ అనియే భావించవలెను గాని, దానికి కాళ్ళున్నవా అని విచారించరాదు. షెడ్డు గోడ మీద ఆరేసిన మా బనియనును తిన్న మేకకు శిక్ష రద్దు చేయడమైనది, ఏలయనగా అందులో చిల్లులే గాని గుడ్డ లేదు. మరియు హైదరాబాదులో కాపురముండి ఏడాదికొక కార్డు ముక్క రాసెడివారిని ఇకమీదట స్నేహితులు అనక, దూరపు చుట్టాలు అని మాత్రమే పిలువవలెను.

దండోరా అయిపోయింది. ఇక కూర్చుని చదువు.

మా ఆఫీసులో పోయిన ఏడు ఒక కంప్యూటరు దిగింది. దానికో గది, గదికో ఏసీ, ఏసీ పాడైపోతుందని గదికి తాళం. క్వారీ కూలీల హాజరంతా అందులో కొడతారు. కొట్టే పిల్ల పేరు సాజిదా. మిషను అమ్మినవాళ్ళు దానికొక మంచి అలవాటు నేర్పి పోయారు. మధ్యాహ్నం భోజనాల సైరను వేళకు, ఎవరూ చెప్పకుండానే, అప్పటిదాకా ఉన్న హాజరంతా ఒక ఫ్లాపీలోకి తనంతట తనే కాపీ చేస్తుంది. సాజిదా చేయవలసిందల్లా అన్నానికి పోయేముందు ఆ నల్ల అట్టముక్కను మిషను నోట్లో పెట్టడం, వచ్చాక తీసి పెట్టెలో దాచడం. రేపు మిషనుకు ఏమైనా అయితే, దాచినదాన్ని మళ్ళీ ఎక్కించుకోవచ్చునని.

ఆ రేపు వచ్చింది. కరెంటు పోయి వచ్చి, వచ్చి పోయి ఆడిన ఆటకు మిషను లోపలి డిస్కు కాలం చేసింది. (నా జనరేటరు తప్పు లేదు. ముందే రాస్తున్నా.) వాళ్ళ ఇంజనీరు వచ్చి కొత్త డిస్కు వేసి, ఫ్లాపీలు ఎక్కించాడు. చక్కగా ఎక్కాయి. తీరా చూస్తే హాజరు జనవరి దాకానే ఉంది. ఆ తర్వాత క్వారీలో ఒక్క మనిషి పనిచేసినట్టు లేదు. రాళ్ళు వాటంతట అవే పగిలి లారీలెక్కాయి కాబోలు.

మా అకౌంట్స్ ఆఫీసరు అందరి ముందూ ఆ పిల్లను నిలబెట్టి, “కాపీలు పెట్టకుండానన్నా ఉంటావు, పెట్టి చెరిపేసన్నా ఉంటావు. ఏదో ఒకటి ఒప్పుకో” అన్నాడు. వచ్చే నెలాఖరున మేనేజరు ముందు ఎంక్వైరీ. ఉద్యోగం పోవడం ఒక ఎత్తు. కూలీల లెక్క చెరిపిన పిల్ల అని పేరుపడితే మాచర్ల నుంచి నరసరావుపేట దాకా ఆమెకు ఇంకెవరైనా కుర్చీ వేస్తారా? ఆమెను చూసి టైపు నేర్చుకుంటున్న పక్కింటి కుల్సుంను అప్పుడే మాన్పించారట.

నీకెందుకు రాస్తున్నానంటే, ఆ పిల్ల మన జాన్ సాహెబ్ కూతురు. నువ్వు పట్నం పోయాక వాడికి పెళ్ళయింది, ఈ పిల్ల పుట్టింది, ఆ తర్వాతే వాణ్ని కామెర్లు తీసుకుపోయాయి. పెళ్ళీ, పిల్లా సంగతి నీకెవరూ రాసి ఉండరు.

ట్రంకాలు చేద్దామంటే ఫోను ఆ ఆఫీసరు బల్ల మీదే ఉంది. అందుకని ఇన్లాండు కవరు. తొందరగా రాయి బావా.

ఖలందర్

*

హైదరాబాదు,
20 జూన్ 1988.

ఖలందరూ,

నువ్వు “బావా” అన్నావంటే నా పరువుకు ఏదో మూడిందని అర్థం. పోయినసారి అలా పిలిచే పిడుగురాళ్ల సున్నపురాళ్ళలో వజ్రాలు దొరుకుతున్నాయని రాశావు. మా ఆవిడ ఇప్పటికీ అడుగుతుంది.

ఆ మిషను మా కంప్యూటర్ల కంపెనీది కాదు. వేరేవాళ్ళ మిషనులో నేను వేలు పెట్టకూడదు. ఈ రెండు వాక్యాలే రాసి సంతకం పెడదామనుకున్నాను. జాన్ సాహెబ్ పేరు దగ్గరికొచ్చి కలం ఆగింది.

వాగు పొంగి బస్సులు ఆగిపోయిన రోజున నన్ను సైకిలు మీద నరసరావుపేట పరీక్షకు చేర్చింది వాడే కదా. నీళ్ళలో సైకిలును నెత్తిన పెట్టుకుని, “నా నడుం పట్టుకోరా, కిందికి చూడమాక” అంటూ నడిచాడు. వాడికొక కూతురుందని నాకు ఇన్నేళ్ళు తెలియలేదు.

సరే, అడుగుతున్నాను. కాపీ జరిగేటప్పుడు ఫ్లాపీ పెట్టే చోట ఎర్ర దీపం వెలుగుతుంది. ఎవరైనా చూశారా? ఆ సమయంలో తెర మీద ఏమి కనబడుతుంది? ఒక్కో ఫ్లాపీలో హాజరు ఏ తేదీతో ఆగింది? అన్నిటికన్నా ముఖ్యంగా, నాకు జవాబు అందేదాకా ఆ ఫ్లాపీలను ఎవరూ ముట్టుకోకూడదు.

ఊహలు రాయకు. చూసింది రాయి.

దానియేలు

*

దాచేపల్లి,
27 జూన్ 1988.

దానియేలు దొరగారికి,

చూసిందే రాస్తున్నా, చిత్తం.

దీపం ఎవరూ చూడలేదు. ఎలా చూస్తారు? భోజనాల వేళ ఆఫీసరు గదిలోంచి అందర్నీ తోలేసి తాళం వేసి, చెవి జేబులో వేసుకుపోతాడు. తెర మీద ఏముంటుందో దేవుడికే తెలియాలి. పెళ్ళికూతురికి మేలిముసుగు వేసినట్టు దాని మీద ఒక పూల గుడ్డ కప్పిపోవాలని రూలు. ఇక్కడి దుమ్ము నీకు గుర్తుందా, పట్నం నీళ్ళు తాగి మర్చిపోయావా? తెల్లచొక్కా వేసుకుంటే సాయంత్రానికి బూడిదరంగు, బూడిదరంగుది వేసుకుంటే తెల్లచొక్కా. అన్నం మీద మూత, నీళ్ళ మీద మూత, రేడియో మీద గుడ్డ. మిషను మీదా అంతే.

నువ్వు అడిగిన ప్రశ్నలు సాజిదాకు చదివి వినిపించా. “ఆ సారు నా మాట నమ్ముతాడంటావా మామా?” అంది. “నమ్మకపోతే వాడికి మేకను పార్సిలు చేస్తా” అన్నా. నవ్వలేదు. అన్నం సరిగా తినడం లేదట. మిషను ముందు ఉత్తచేతులతో కూర్చుంటోంది, కొట్టడానికి ఆమెకు పని ఇవ్వడం లేదు.

ఇక్కడ నాకు కూడా కాలు నిలవడం లేదు. పోస్టుమాను కాలేషాకు నన్ను చూస్తేనే భయం పట్టుకుంది. మొన్న సైకిలు తిప్పుకుని వేరే సందులోంచి పోయాడు. త్వరగా తేల్చు.

ఖలందర్

*

హైదరాబాదు,
4 జూలై 1988.

ఖలందరూ,

మేక గురించి రాశావు, చొక్కా గురించి రాశావు. ఒక్కో ఫ్లాపీ ఏ తేదీతో ఆగిందో రాయలేదు. నేను అడిగిందాంట్లో అదే అసలైనది.

ఇంకొక మాట రాయక తప్పదు. ఇలాంటివి నేను చానా చూశాను. ఎక్కువసార్లు కారణం ఒకటే: మనిషి కాపీ పెట్టడం మర్చిపోతాడు, తర్వాత పెట్టానంటాడు. ఆ అమ్మాయి నిజంగా రోజూ ఫ్లాపీ పెట్టిందా? ఎవరూ లేనప్పుడు మెల్లగా అడుగు. జాన్ సాహెబ్ కూతురైనా సరే, జరిగింది జరిగినట్టు తెలియకపోతే నేను ఏమీ చేయలేను.

దానియేలు

*

దాచేపల్లి,
10 జూలై 1988.

దానియేలూ,

నీ ఉత్తరంలో ఆ రెండో ముక్క నేను ఆ పిల్లకు చదవలేదు. చదివి ఉంటే నీ మొహం ఇక్కడెవరికీ చూపించలేకపోయేవాడివి.

అయినా అడిగా. నీ కోసం కాదు, నా కోసం. “రోజూ పెట్టావా అమ్మా?” అంటే నా మొహంలోకి చూసి, “మామా, నువ్వు కూడానా?” అంది. ఆ తర్వాత నా చేతికిచ్చిన టీ గ్లాసు చల్లారిపోయేదాకా తాగలేకపోయా. ఆమె పెట్టింది. అటెండరు కొండలు కూడా చెప్పాడు. రోజూ గది తాళం వేసేముందు ఫ్లాపీ మిషను నోట్లో ఉండటం వాడు చూసేవాడట.

ఇక నీ తేదీలు. వారానికి ఆరు ఫ్లాపీలు, సోమవారానికొకటి, మంగళవారానికొకటి, అలా. ఆరూ జనవరి చివరి వారంలోనే ఆగాయి. ఒక్కటి ముందు లేదు, ఒక్కటి వెనక లేదు. ఆరుగురూ ఒకే బస్సు దిగినట్టు.

అప్పుడు నాకే తట్టింది. ఆ వారం ఏం జరిగిందో ఈ ఫ్యాక్టరీలో ఎవర్నడిగినా చెబుతారు. బట్టీ దగ్గర దుమ్ము పట్టే సంచి చినిగి ఆఫీసంతా తెల్లగా నిండిపోయింది. ఆఫీసరు గారి మీసం ఒక్క పూటలో ముసలిదైపోయింది. ఆయనకు కోపమొచ్చి గోడకు ఆర్డరు అంటించాడు: “కంప్యూటరు గదియందు ఎక్కడ ఏ చిల్లు ఉన్నను, తక్షణమే మూయవలెను.” కిటికీ సందులకు మైనం పెట్టారు. వైర్లు వచ్చే కన్నానికి పాతగుడ్డలు కుక్కారు. కుర్చీ వెనక స్క్రూ ఊడిన బెజ్జానికి కూడా కాగితం అంటించారు. ఆనాటి నుంచే ఆయనకు మూతలాయన అని పేరు పెట్టా. ఇప్పుడు ఆయన భార్య తప్ప అందరూ అదే అంటారు.

ఫ్లాపీలను కూడా వదల్లేదట. వాటి అంచున చిన్న ముక్క కొరికినట్టు గంటు ఉంటుంది కదా, అది కొరుకుడు కాదు, కంపెనీవాడే కోసింది. అందులోంచి దుమ్ము పోతుందని, ఫ్లాపీల డబ్బాలోనే వచ్చిన వెండి బిళ్ళలు తీసి ఆయనే దగ్గరుండి అంటించాడట. సరిగ్గా ఆ గంటుకు సరిపోయేంత బిళ్ళ. “కంపెనీవాడు ఊరకనే ఇస్తాడా? మూయమనే గదా ఇచ్చింది” అన్నాడట. సాజిదా ఎందుకు సార్ అంటే, “నీకేం తెలుసు” అన్నాడట.

మిగిలిన అట్ట నుంచి ఒక బిళ్ళ తెప్పించి ఈ కాగితం అడుగున అంటిస్తున్నా. మిఠాయి మీద వెండిరేకులా ఉంది, చూడు. ఆ గదిలో మూయని చిల్లు ఇక ఆయన తలకాయ ఒక్కటే.

ఎంక్వైరీకి ఎన్నో రోజులు లేవు. నన్ను తిట్టాలంటే తర్వాత తిట్టు.

ఖలందర్

*

తంతి
హైదరాబాదు, 14 జూలై 1988.

బిళ్ళలు పీకవద్దు. ఎవరికీ చెప్పవద్దు. ఉత్తరం వస్తున్నది. దానియేలు.

*

హైదరాబాదు,
14 జూలై 1988.

ఖలందరూ,

దొరికింది. నువ్వు అంటించి పంపిన ఆ బిళ్ళే.

నీ దగ్గర పాటల క్యాసెట్లు ఉంటాయి కదా. క్యాసెట్ వెనక చిన్న ప్లాస్టిక్ చెవి విరగ్గొడితే దాని మీద మళ్ళీ ఎవరూ రికార్డు చేయలేరు, పాత పాట భద్రంగా ఉంటుంది. ఫ్లాపీకి కూడా అలాంటి ఏర్పాటే, కాకపోతే తలకిందులు. అంచున గంటు తెరిచి ఉంటే మిషను రాస్తుంది. గంటు మూస్తే రాయదు, చదువుతుంది మాత్రమే. ఇక మార్చకూడదు అనుకున్న ఫ్లాపీలకు అంటించుకోమని డబ్బాలో ఆ బిళ్ళలిస్తారు.

జనవరిలో మీ ఆఫీసరు ఆరింటికీ అంటించాడు. ఆ రోజు నుంచి మిషను సైరను వేళకు వేళ తప్పకుండా లేచింది, రాయబోయింది, రాయలేనని తెర మీద చెప్పింది. తెర మీద గుడ్డ. గదికి తాళం. ఎవరూ పలకకపోతే అది కాసేపు చూసి ఊరుకుంది. సాజిదా తిరిగొచ్చేసరికి అంతా మామూలుగానే కనబడింది. మళ్ళీ ఎక్కించేటప్పుడు చదవడమే తప్ప రాయడం ఉండదు, అందుకని వచ్చిన ఇంజనీరుకు ఏ తేడా తెలియలేదు. బిళ్ళలు చూసి, జాగ్రత్తగల పిల్ల అనుకుని ఉంటాడు.

పోయిన నెలల హాజరు ఆ ఫ్లాపీలలోకి ఎన్నడూ ఎక్కలేదు. కాబట్టి తిరిగి రాదు. క్వారీ మేస్త్రీల మస్టర్లు చూసి మళ్ళీ కొట్టుకోవాలి. కానీ ఆ అమ్మాయి తప్పు ఇసుమంత లేదు.

ఇప్పుడు జాగ్రత్త. ఈ సంగతి ముందుగా ఆఫీసరుకు తెలిస్తే బిళ్ళలు పీకి పారేస్తాడు. లేదా ఆ పిల్లే అంటించిందంటాడు. గోడ మీది ఆర్డరులో ఫ్లాపీ అనే మాట లేదు కదా. మేనేజరు ఎదుట ఆయన నోటితో ఆయనే చెప్పాలి. అది ఎలా అన్నది నాకు చేతకాదు. జనాన్ని ఆటపట్టించడంలో నీకున్న అనుభవం నాకు లేదు.

నాలుగో తేదీ ఉత్తరంలో ఆ అమ్మాయిని అనుమానించాను. తప్పు నాదే.

దానియేలు

*

దాచేపల్లి,
1 ఆగస్టు 1988.

ఒరేయ్ నా బంగారు దానియేలూ,

మొన్న శనివారం మధ్యాహ్నం ఎంక్వైరీ జరిగింది. గబగబా రాస్తున్నా, అక్షరాలు వంకరగా ఉంటే సర్దుకో.

కంప్యూటరు గదిలోనే మేనేజరు గారు, మూతలాయన, గోడకానుకుని సాజిదా, తలుపు దగ్గర కొండలు. నేను పిలవని పేరంటంగా పానా చేతబట్టుకుని దూరా. మేనేజరు, “నువ్వెందుకయ్యా ఇక్కడ?” అన్నాడు.

“కరెంటు ఊగుతాంది సార్. మళ్ళీ మిషను చస్తే నా మీదకొస్తది. పక్కన నిలబడతా.”

సరే ఉండమన్నాడు. మూతలాయన మొదలెట్టాడు. ఈ పిల్ల అశ్రద్ధ, ఈ పిల్ల అబద్ధాలు, ఈ పిల్లను ఇంట్లో కూర్చోబెట్టక ఆఫీసుకు పంపినవాళ్ళ తెలివితక్కువ. ఆయన గుక్క తిప్పుకునేటప్పుడు నేను దగ్గా.

“సార్, ఏమనుకోమాకండి. బయట ఇంకో మాట అనుకుంటన్నారు. లెక్కలు పోయింది దుమ్ము వల్లనంట. అకౌంట్స్ సారు గది సరిగ్గా చూసుకోలేదంట.”

“ఎవడయ్యా అన్నది?” కుర్చీలోంచి లేచాడు.

“నేనైతే నమ్మలే సార్. గది చిల్లులు మూయించారు, అది మేమంతా చూశాం. కానీ ఆ ఫ్లాపీల అంచున గంట్లు మాత్రం తెరిచి వదిలేశారంటగా. దుమ్మంతా అందులోంచే పోయిందంట.”

“వదిలేశానా? నేనా? ఒరేయ్ కొండలూ, ఆ పెట్టె తీసుకురా!” పెట్టె వచ్చింది. ఆయన ఒక్కో ఫ్లాపీ తీసి మేనేజరు గారి ముందు పేకముక్కల్లా పరిచాడు. “చూడండి సార్. ప్రతి గంటుకూ బిళ్ళ. జనవరిలో దుమ్ము పడ్డ మర్నాడే అంటించా.”

“కొన్నైనా ఈ పిల్ల అంటించి ఉంటది లెండి” అన్నా.

“ఒక్కటి కూడా లేదు! ఈమె వద్దు సార్, ఎందుకు సార్ అని నసిగితే నేనే నా చేత్తో అంటించా. ఈమెకంత శుభ్రత ఎక్కడేడ్చింది?”

“ఏందోయ్ కొండలూ, నిజమేనా?” అన్నా.

“అవును సామీ. నేను బిళ్ళల అట్ట పట్టుకోనుంటే సారే అంటించాడు.”

ఇక నేను నోరు మూసుకున్నా. నా జన్మలో నోరు అంత గట్టిగా మూసుకున్నది అదే మొదలు. సాజిదా గోడ వదిలి ముందుకొచ్చింది. “సార్, నేనొకటి చూపించవచ్చా?” అని మేనేజరునే అడిగింది. పూల గుడ్డ లాగి కుర్చీ మీద పడేసింది. సోమవారం ఫ్లాపీ మిషను నోట్లో పెట్టి కాపీ చేయమంది. మిషను ఒకసారి గుర్రుమని, రాయలేనని తెర మీద చూపించింది. మేనేజరు కళ్ళజోడు పెట్టుకుని చదివాడు. అప్పుడామె ఫ్లాపీ బయటికి తీసి, గోటితో బిళ్ళ ఒలిచి, దాన్ని తీసుకెళ్ళి మూతలాయన ముందు బల్ల మీద అంటించింది. మళ్ళీ పెట్టింది. దీపం ఎర్రగా వెలిగింది, దానియేలూ. టకటకమని రాసుకుంటూ పోయింది.

నువ్వు రాసిన క్యాసెట్ సంగతి ముందురోజే ఆమె ఒక్కదానికీ చదివి వినిపించా, ఆ తర్వాత అదంతా ఆమే చెప్పింది.

మేనేజరు గోడ మీది ఆర్డరు కేసి చూశాడు, బిళ్ళ కేసి చూశాడు. చివరికి మూతలాయనతో మెల్లగా, “ఇంకెక్కడెక్కడ మూశారండీ మీరు?” అన్నాడు. కొండలు నవ్వాపుకోలేక బయటికి పరుగెత్తాడు.

సాజిదా ఉద్యోగం నిలిచింది. ఆమె మీద ఏ మచ్చా లేదని మేనేజరు అందరి ముందూ అన్నాడు. ఈ పొద్దు నుంచి క్వారీ మస్టర్లు ముందేసుకుని కొడుతోంది. భోజనాల వేళ గది తాళం చెవి ఇప్పుడు ఆమె దగ్గరే ఉంటుంది. కుల్సుం మళ్ళీ టైపుకు పోతుందట.

ఖలందర్

*

హైదరాబాదు,
9 ఆగస్టు 1988.

ఖలందరూ,

నీ ఉత్తరం మా ఆవిడకు చదివి వినిపించాను. వజ్రాల సంగతి క్షమించేసింది.

నాకు మాత్రం ఎందుకో నిద్రపట్టడం లేదు. వాగులో ఆ రోజు నీళ్ళు జాన్ సాహెబ్ ఛాతీ దాకా వచ్చాయి. వాడికి ఈత రాదని నాకు తర్వాత తెలిసింది. పాసయ్యాక మళ్ళీ వచ్చి కలుస్తానన్నాను. రాలేదు. వాడు పోయాడని ఎవరో చెబితే అప్పుడు కూడా రాలేదు. ఇన్నేళ్ళకు వాడికొక పని చేసిపెట్టినట్టయింది.

అందుకే ఆ అమ్మాయికి కూడా విడిగా ఒక ఉత్తరం ఫ్యాక్టరీ చిరునామాకు వేశాను. వాళ్ళ నాన్న ఎలాంటి మనిషో ఆమెకు చెప్పేవాళ్ళు ఎవరున్నారు? ఆ సైకిలు, ఆ వాగు, అంతా రాశాను. ఇది చదివితే ఆమెకు తండ్రిని చూసినట్టుంటుంది.

దానియేలు

*

దాచేపల్లి,
17 ఆగస్టు 1988.

దానియేలూ,

ఈసారి దండోరా లేదు. మేక కూడా లేదు.

నిన్న సాజిదా నీ ఉత్తరం పట్టుకుని షెడ్డుకు వచ్చింది. “మామా, ఈ సారు ఎవరి గురించి రాశాడు? మా నాయన పేరు జమాల్. పిడుగురాళ్ల బట్టీల కాడ సున్నం బస్తాలెత్తుతాడు. పొద్దున నాకు అన్నం గిన్నె కట్టిచ్చి బస్సెక్కించింది కూడా ఆయనే. ఆయనకు సైకిలు తొక్కనే రాదు. చదువుతుంటే నాకు ఏడుపొచ్చింది, కానీ ఎవరి కోసం ఏడవాల్నో తెలవలా.”

జనరేటరు ఆగి ఉంది. మాట వినబడలేదని తప్పించుకునే దారి కూడా లేదు నాకు.

ఒరేయ్, జూన్ నెలలో ఆ పిల్ల మొదటిసారి షెడ్డు గడప దగ్గర నిలబడి, “హైదరాబాదులో కంప్యూటర్లు తెలిసినోళ్ళు ఎవరన్నా ఉన్నారా మామా?” అని అడిగేనాటికి నాకు ఆమె పేరు కూడా తెలియదు. బిడ్డ మొహంలో నెత్తురు లేదు. ఉన్నాడని చెప్పా. రాత్రి కూర్చుని, ఎవరో పిల్ల పాపం, సాయం చెయ్యి అని నీకొక ఉత్తరం రాశా. రాసి చదువుకుని చింపేశా. ఆ ఉత్తరం అందితే నువ్వు ఏం చేసేవాడివో నాకు తెలుసు. నువ్వే రాశావు కదా: రెండు వాక్యాలు, కింద సంతకం. నిన్ను తప్పుపట్టడం లేదు. రోజుకు ఎంతమంది ‘ఎవరో పిల్ల’లకు చేస్తావు?

అందుకని నువ్వు కాదనలేని పేరు ఒకటి వెతికా. వెతకడానికి చానాసేపు పట్టలేదు.

ఆ పిల్లకు అంతా చెప్పేశా. కోపగించుకుంటుందనుకున్నా. కాసేపు నీ కాగితం మడతలు సరిచేస్తూ కూర్చుని, “పాపం ఆ సారుకు ఎట్టా చెప్తావు?” అంది. వెళ్ళేటప్పుడు ఉత్తరం తిరిగివ్వమంటే ఇవ్వలేదు. వాళ్ళ నాయనకు చదివి వినిపిస్తుందట.

బిళ్ళలు నిజం. మూతలాయన నిజం. ఆ దీపం ఎర్రగా వెలగడం నా రెండు కళ్ళతో చూశా. వాగులో నిన్ను దాటించిన జాన్ సాహెబ్ కూడా నిజమే, నీకంటే ఎక్కువగా నాకు తెలుసు. కామెర్లతో ఆసుపత్రిలో పడుంటే పక్కన ఉన్నది నేనే. వాడు పోయేనాటికి పెళ్ళి కాలేదు. పెళ్ళికి పిల్లను చూడమని మమ్మల్ని అడిగింది కూడా లేదు.

కూతురొక్కతే నేను కల్పించింది.

ఖలందర్